ఇషువ్యాపారము: ఆదిభట్ల నారాయణదాసుగారి జీవితము

కావ్యప్రకాశమును పాఠముగా చదువుకొను విద్యార్థి పంచమోల్లాసమునకు వచ్చునప్పటికి అచట ఒక బాణము ఎదురగును. శబ్దమునకు అభిధ యను ఒక్క వ్యాపారమే చాలును, వ్యంజన యను వేఱొక వృత్తితో పనిలేదు అని వాదించువారు చూపిన దృష్టాంతమది. బలవంతుడగు విలుకాడు విడిచిన ఒకే బాణము ఒకే వేగముతో శత్రువు కవచమును భేదించి, మర్మమును చీల్చి, ప్రాణమును హరించుచున్నది. కవచమునకొకటి, దేహమునకొకటి, ప్రాణమునకొకటి చొప్పున మూడు బాణములు అక్కఱలేదు. అట్లే ఒకసారి ఉచ్చరింపబడిన శబ్దము ఒకే దీర్ఘవ్యాపారముతో వాచ్యమును, దానికి ఆవలనున్న అర్థమును గూడ అందించునని వారి మతము. వ్యాఖ్యాతలు దీనిని భట్టలోల్లటాదుల మతముగా పేర్కొందురు. మమ్మటుడు దీనిని ఖండించెను. పుత్రుడు కలిగెనను వార్త విన్న తండ్రికి కలుగు హర్షము ఆ వాక్యమునకు వాచ్యార్థము కాజాలదుగదా యని ఆయన ఆక్షేపము. ఖండనము బలమైనది. పాఠశాలలలో దానికి ఎదురు చెప్పుటకు సాహసించువారు అరుదు.

అయినను శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారి జీవితమును పరిశీలించునప్పుడు ఓడిపోయిన ఆ పక్షము మఱల జ్ఞప్తికి వచ్చును. సంస్కృతమున కావ్యరచన చేయగల విద్వాంసుడు, అవధాని, వీణ పలికింపగల గాయకుడు, ఆంగ్ల పారసీక వాఙ్మయములను ఎఱిగిన బహుభాషావేత్త, తన పాండిత్యమునంతను కాళ్లకు గజ్జెలు కట్టి దేవాలయ మంటపమున నిలువబడి చెప్పు హరికథయందు ఏల వినియోగించెను? ప్రబంధము వ్రాసి పండితుల చేతిలో పెట్టిన చాలదా? ఆ కాలపు విద్వాంసులలో కొందఱకు ఈ ప్రశ్న కలుగకపోలేదు. హరికథను కావ్యభేదములలో లెక్కింపని దృష్టి ఆనాడును ఉండెను, ఇప్పటికిని కొంత కలదు. దాసుగారి వాఙ్మయమున పలుచోట్ల కానవచ్చు ధనుర్బాణములను వెంబడించి పోయినచో దీనికి సమాధానము దొరకును.

ఆయన 1864 ఆగస్టు 31వ తేదీన, రక్తాక్షి సంవత్సరమున, బొబ్బిలి ప్రాంతములోని అజ్జాడ గ్రామమున వేంకటచయనులు, లక్ష్మీనరసమ్మ దంపతులకు జన్మించిరి. ఆనాడు ఆ గ్రామము విశాఖపట్టణ మండలములోనిది. 1979లో ఏర్పడిన విజయనగరము జిల్లాలో చేరి, 2022నుండి పార్వతీపురం మన్యం జిల్లాకు చెందినది. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. అరసవల్లి సూర్యదేవుడు కొలువుదీరిన సీమలో ఈ పేరు ఇంటింటను వినబడునదే. శిల్పశాస్త్ర సంప్రదాయమున సూర్యునకు ఇరువైపుల ఉషా ప్రత్యూషలు విండ్లు ధరించి చీకటిపై శరములను విడుచుచుందురు. వెలుగును బాణముగా భావించుట మన కవులకంటె ముందు శిల్పులు చేసిన పనియేమో.

ఆ ప్రాంతపు చరిత్రలో ఆయుధముల మాట తక్కువది కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట ఫ్రెంచివారి ఫిరంగులకు కూలినది. 1794 జూలై 10న పద్మనాభమున చిన విజయరామరాజు ఆంగ్లేయ సైన్యము నెదిరించి మరణించెను. దాసుగారు పుట్టునాటికి విజయనగర ప్రభువుల కీర్తి యుద్ధభూమిని వీడి విద్వత్సభకు మాఱియుండెను. మహారాజ సంస్కృత కళాశాల 1860లో నెలకొన్నది. అజ్జాడకు ఎగువనున్న పార్వతీపురము, పాలకొండ కొండలలో మాత్రము సవరలు విల్లంబులతో వేటాడుచుండిరి. పల్లెవాసులకు విల్లు, అమ్ము, గుఱి అనునవి నిఘంటువులోని మాటలు కావు. దాసుగారు తరువాతి కాలమున అచ్చతెలుగుపై చూపిన మక్కువకు ఈ బాల్యవాతావరణమును విడిచి కారణము వెదకుట తగదు.

శైశవముననే వారికి భాగవత పద్యములు కంఠస్థములయ్యెను. బొబ్బిలి వైణికులలో ప్రసిద్ధులగు వాసా సాంబయ్యగారు ఆ బాలుని స్వరజ్ఞానమును గుర్తించి కొంతకాలము శిక్షణమిచ్చిరి. ఆపై సంగీతమున ఆయన సాధించినదంతయు స్వయంకృషియే. ఇట్టివారిని ఏకలవ్యునితో పోల్చుట పరిపాటి. ఆ పోలిక ఇచట సగమే సరిపోవును. ఏకలవ్యుడు విద్యను తానే సంపాదించి దక్షిణగా అంగుష్ఠమును కోల్పోయెను. నారాయణదాసుగారు తాము సంపాదించినదానిని ఎవరికిని సమర్పించి విరమింపలేదు. పైగా ద్రోణపీఠమునే అధిష్ఠించిరి. ఆ వృత్తాంతము ముందు రాగలదు.

చదువునకై విజయనగరము చేరియుండగా 1883లో కుప్పుస్వామినాయుడను భాగవతులు అచటికి వచ్చి హరికథ చెప్పిరి. పందొమ్మిదేండ్ల సూర్యనారాయణకు అది చూచినంతనే తన మార్గము గోచరించినది. ఆ సంవత్సరమే ధ్రువచరిత్రమును రచించి విజయనగర వేణుగోపాలస్వామి సన్నిధిని గానము చేసిరి. సూర్యనారాయణ నారాయణదాసైనది ఈ మార్గముననే. మొదటి కథగా ధ్రువుని ఎన్నుకొనుట గమనింపదగినది. లోకమునకు తెలిసిన ధ్రువుడు తపస్సు చేసిన బాలుడు మాత్రమే. భాగవత చతుర్థస్కంధమును చదివినవారికి ధనుర్ధరుడైన ధ్రువుడును తెలియును. సోదరుని చంపిన యక్షులపై బాణవర్షము కురిపించి, తాతయగు స్వాయంభువ మనువు వచ్చి వారింపగా విల్లు దింపినవాడతడు. ఏకాగ్రతతో నారాయణుని పొందినవాడే కోపముతో గుఱి తప్పెను, పెద్దలమాటచే మఱల నిలద్రొక్కుకొనెను. శాకుంతల ప్రథమాంకమున మునుల మాటకు దుష్యంతుడు సంధించిన బాణమును ఉపసంహరించుటయు ఈ జాతిలోనిదే. విడుచుటకంటె మరల్చుట గొప్పదని మన వాఙ్మయము పలుమార్లు నేర్పినది.

విజయనగరమున, విశాఖపట్టణమున ఆంగ్ల విద్య సాగించుచునే దాసుగారు అష్టావధానములు చేసిరి. వానిలో సంగీతాంశములను గూడ చేర్చి కష్టతరము గావించిరి. అవధానమును విలువిద్యతో పోల్చువారు ద్రోణుడు పెట్టిన పరీక్షను స్మరింతురు. అర్జునునకు పక్షి శిరస్సు తప్ప మఱేమియు కానరాలేదు. లోకమున కన్ను అని చెప్పుకొందురు గాని వ్యాసుడు చెప్పినది శిరస్సే. అవధాని పరిస్థితి దీనికి విపరీతము. అతనికి ఎనిమిది లక్ష్యములు ఒక్కసారి కనబడవలెను, ఏ ఒక్కటి మఱపునకు రాగూడదు. అర్జునునకు సవ్యసాచి యను మఱొక పేరున్నది, రెండు చేతులతోను బాణములు వేయువాడని అర్థము. అవధానికి సరిపడు పోలిక పక్షి కథలోని అర్జునుడు కాదు, ఈ సవ్యసాచి. దాసుగారు లయవిన్యాసమున దీనిని ఇంకను దూరము తీసికొనిపోయిరి. ఒకే కాలమున ఐదు తాళములను వేఱువేఱుగా నడపి లయబ్రహ్మ, పంచముఖి పరమేశ్వర బిరుదములను పొందిరి. మన్మథుని ఐదు బాణములు ఒకదాని వెనుక నొకటి వెడలును. ఈ ఐదును ఒక్క వింటినుండి ఒక్కసారి వెడలి ఒక్క సమమున కలిసికొనవలెను. తాళశాస్త్రము తెలిసినవారికి ఇందలి కష్టము విదితము.

మైసూరు ప్రభువుల సన్మానము పొందిన ఈ విద్వాంసుని విజయనగర ప్రభువు ఆనందగజపతి ఆదరించి తమ ఆస్థానమున నిలిపిరి. 1879నుండి 1897వఱకు పాలించిన ఆనందగజపతి సభ గురజాడ అప్పారావు వంటివారితో ప్రకాశించినది. అచట స్థానము లభించిన పిదప దాసుగారు గజ్జెలు విప్పి గ్రంథరచనకు పరిమితులై యుండవచ్చును. అట్లు చేయలేదు. అంబరీష చరిత్రము, గజేంద్రమోక్షము, ప్రహ్లాద చరిత్రము, సావిత్రీ చరిత్రము, రుక్మిణీ కల్యాణము, భీష్మ చరిత్రము మొదలగు హరికథలను రచించి ఊరూర గానము చేసిరి. సంస్కృతమునను హరికథామృతమను హరికథను సంతరించిరి.

ఇచట మమ్మటుని బాణమునకు మరలవలెను. వ్రాతప్రతిలో శబ్దము ఒంటరిది. చదువరి దాని వాచ్యమును గ్రహించి, ఆగి, ప్రకరణమును విచారించి వ్యంగ్యమునకు పోవును. ఆ ఆగుటయందే వ్యంజనకు చోటు కలదు. కావున కావ్యవిషయమున మమ్మటుని ఖండనమే సరియైనది. హరికథలో శబ్దము స్వరముతో, లయతో, అభినయముతో గూడి ఒకే దేహమునుండి ఒకే క్షణమున వెలువడును. కథకుడే కవి, గాయకుడు, నర్తకుడు, వ్యాఖ్యాత. చెవి, బుద్ధి, హృదయము అను మూడింటిని ఒక్క విసురుతో దాటించుట దాసుగారి లక్ష్యము. తత్త్వతః ఇందును స్వరాభినయములు చేయుపని వ్యంజనయే యని ఆలంకారికుడు చెప్పవచ్చును, అది నిజమే. కాని సభలోని సామాన్యునకు ఆ వ్యవధానము తెలియదు. అక్షరము రాని రైతునకును, శాస్త్రము చదివిన పండితునకును ఒకే బాణము తగులు రచనావిధానము హరికథ తప్ప వేఱొకటి దాసుగారికి కనబడలేదు. ఆయన ప్రబంధమార్గమును విడుచుట పాండిత్యలోపముచే కాదు, దూరము లెక్కించిన విలుకాని నిర్ణయముచే.

వారి రచనలలో ధనుస్సు ఏయే రూపముల కానవచ్చునో కొంత చూడవలసియున్నది. రామకథను యథార్థ రామాయణమను పేరుతో హరికథలుగా కూర్చిరి. వాల్మీకమును అనుసరింపవలెనన్న దీక్ష ఆ పేరే చెప్పుచున్నది. విజయనగరమునకు సమీపమున రామతీర్థపు బోడికొండపై కోదండరాముని కొలుచు జనులకు శివధనుర్భంగము అత్యంత ప్రియమైన ఘట్టము. వాల్మీకి బాలకాండమున ఆ ధనుస్సు ఎనిమిది చక్రముల ఇనుపపెట్టెలో వచ్చును, దానిని ఐదువేలమంది అతికష్టముమీద లాగుకొని వత్తురు. రాముడు దానిని అవలీలగా ఎత్తి, నారి కట్టి, ఆకర్షింపగా నడిమికి విఱిగినది. స్వయంవరసభ, వరుసగా లేచి భంగపడు రాజులు, వరమాలతో వేచియున్న సీత, ఇవన్నియు పిమ్మటి కథకులు చేర్చినవి. వాల్మీకమున ఇతర రాజుల పరాభవము గడచిన వృత్తాంతము మాత్రమే. రాముడు ధనుస్సును విఱుచునప్పుడు చూచువారు జనకుడు, విశ్వామిత్రుడు, అచట గుమిగూడిన జనులు. విఱిచెదనన్న సంకల్పమును రామునకు లేదు. ఎక్కుపెట్టబోగా విఱిగినది, అంతే. ఎక్కుపెట్టుట యనగా వింటికి నారి తగిలించుట యని నేటి విద్యార్థులకు వివరింపవలసి వచ్చుచున్నది, తుపాకిని ఎక్కుపెట్టుట వాడుకలోనికి వచ్చినది కదా.

గౌరి పెండ్లి కథయు దాసుగారి హరికథలలో నొకటి. ఈ వృత్తాంతమున కాళిదాసు చేసిన ఒక సూక్ష్మమును మఱవరాదు. కుమారసంభవమున మన్మథుడు సమ్మోహనమను అమోఘబాణమును సంధించెను గాని విడువలేదు. విల్లు వలయాకారముగా వంచి నిలిచియుండగనే హరుని నేత్రాగ్నికి భస్మమయ్యెను. తగులని బాణము పని చేయలేదనరాదు, శివుని ధైర్యము కొంచెము చలించెనని కవి చెప్పియున్నాడు. విడువని బాణమునకే అంత శక్తి గలదన్న ఈ కల్పన నవరసతరంగిణి కర్తకు ప్రియమగుట సహజము. ఆ గ్రంథమున దాసుగారు కాళిదాసాదుల నాటకములనుండియు, షేక్స్పియరు నాటకములనుండియు రసపోషకములగు భాగములను ఏర్చి తెలుగు చేసి చూపిరి. షేక్స్పియరు తన హామ్లెట్టు నాటకమున దురదృష్టమును ఒడిసెల రాళ్లతోను బాణములతోను పోల్చెను. అచట మనుష్యుడు లక్ష్యము, విధి విలుకాడు. మన ముండకోపనిషత్తు దీనిని తలక్రిందులు చేసినది. ప్రణవము విల్లు, ఆత్మ బాణము, బ్రహ్మము లక్ష్యము. మనుష్యుడు దెబ్బ తినువాడు కాడు, దూసికొని పోవువాడు. నాదోపాసకునకు ప్రణవమే విల్లగుటకంటె ఆత్మీయమైన కల్పన వేఱేమున్నది?

లలితాసహస్రనామములను అచ్చతెలుగున తల్లివిన్కి యను పేర అవతరింపజేయుట దాసుగారి సాహసములలో ముఖ్యమైనది. దేవి చేతిలోని చెఱకువిల్లు మనస్సనియు, ఐదు బాణములు పంచతన్మాత్రలనియు సహస్రనామము చెప్పును. శబ్ద స్పర్శ రూప రస గంధములను బాణములుగా ప్రయోగించు శక్తి ఆమెది. విల్లునకును బాణమునకును తెలుగున మాటల కొఱత లేదు. విల్లు, సింగిణి, అల్లెత్రాడు, తూపు, అమ్ము, కోల, ములికి, అలుగు, దొన, గుఱి, ఇట్లు ఎన్నియైన చెప్పవచ్చును. తూణము దొనయైనట్లు తద్భవములు గూడ అచ్చతెలుగున చెల్లును. చిక్కంతయు తన్మాత్ర యన్నచోట వచ్చును. సాంఖ్యులు శతాబ్దములపాటు తీర్చిదిద్దిన పరిభాషను మాటకు మాటగా తెచ్చు పదము పల్లెభాషలో నుండదు. దాసుగారు అచ్చతెలుగు పదములకు సీమపల్కువహి యను నిఘంటువును తామే కూర్చిరి. ఇది వారి పరిశ్రమకు నిదర్శనమే గాని, వారి అచ్చతెలుగు కొన్నిచోట్ల నిఘంటువును కోరుచున్నదనుటకును నిదర్శనము. శ్రోతను తిన్నగా తాకవలెనని సంకల్పించిన బాణము నడుమ నిఘంటువునొద్ద ఆగుట ఒక లోపమే. హరికథలో లేని ఈ వ్యవధానము అచ్చతెలుగు గ్రంథములలో ప్రవేశించినది. ఆయనను సేవించువారు దీనిని దాచనక్కఱలేదు. సంస్కృతము లేక తెలుగు నిలువజాలదన్న వాదమునకు ఒక జీవితకాలపు సమాధానమిచ్చుటలో ఈ మాత్రము వెల చెల్లింపవలసివచ్చెను.

ఉమర్ ఖయ్యాము రుబాయతులను 1932లో వారు సంస్కృతమునను అచ్చతెలుగునను అనువదించి ప్రకటించిరి. పారసీక కవులకు ప్రియురాలి కనుబొమ విల్లు, ఱెప్పవెండ్రుకలు బాణములు. మన కవులకు ఇది క్రొత్త కాదు. క్రొత్తది ఒక మాట. పారసీకమున విల్లునకు కమాన్ అని పేరు. అది తెలుగున కమానుగా స్థిరపడి, వంపు దిరిగిన ద్వారబంధమునకును, ఫిడేలు వాయించు కఱ్ఱకును పేరైనది. ఆయుధము పేరు ఇట్లు శాంతించుట సంస్కృతమునను ఉన్నది. గణితమున వృత్తఖండము చాపము, దాని సూత్రము జ్య, నడిమి యెత్తు శరము. సంగీతరత్నాకరమున వింటివంటి ఆకృతితో, వింటితోనే వాయింపబడు పినాకీవీణ వర్ణింపబడినది. శివుని పినాకము వీణయైనప్పుడు విజయనగరమున విల్లు ఫిడేలు కమానగుటలో వింత లేదు.

విజయరామగజపతి 1919లో విజయనగరమున సంగీత పాఠశాలను స్థాపించి దాసుగారిని ప్రథమాధ్యక్షునిగా నియమించిరి. సంగీతమునకే ప్రత్యేకించిన అట్టి విద్యాసంస్థ ఆంధ్రదేశమునకు అపూర్వమైనది. విద్యార్థిగా చేరవచ్చిన యువకుడు ద్వారం వేంకటస్వామినాయుడు కమాను పట్టిన తీరు విని, ఇతడు నేర్చుకొనవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని దాసుగారు అతనిని అధ్యాపకునిగా చేర్చుకొనుట ప్రసిద్ధము. ఏకలవ్యుని బొటనవ్రేలు తీసికొనిన గురువునకును, శిష్యునిగా వచ్చినవానిని సరసన కూర్చుండబెట్టుకొనిన గురువునకును గల భేదము ఇచట స్పష్టము. గురువు లేక నేర్చినవాడే గురుపీఠమున కూర్చుండినప్పుడు ఇట్టి ఔదార్యము కలుగుట సహజమనవచ్చును.

సంగీత విద్యాలయమున లక్ష్య లక్షణములను రెండు మాటలు నిత్యము వినబడును. లక్ష్యమనగా ప్రయోగమున నున్న గానము, లక్షణమనగా దానికి శాస్త్రము చెప్పు నియమము. వైయాకరణులకును ఈ జంట సుపరిచితమే. లక్ష్యశబ్దమునకు గుఱి యనియు అర్థము గలదని ఈ సందర్భమున చాలమందికి తోచదు. లక్షణము ఎంత నేర్చినను అది విల్లు వంచుటవఱకే, తాకవలసినది లక్ష్యమును. తొంబది రాగములలో దశవిధ రాగ నవతి కుసుమ మంజరి కూర్చిన దాసుగారు లక్షణమును తక్కువ చేసినవారు కారు. అయినను వారి జీవితమున లక్షణము లక్ష్యమునకు లోబడియే నడచినది. తెలుగున గుఱి యను మాటకు లక్ష్యమనియు, నమ్మకమనియు రెండర్థములుండుట ఈ విషయమును సంస్కృతముకంటె చక్కగా పట్టియిచ్చును.

1936లో వారు ఆ పదవినుండి విరమించిరి. ఆ స్థానమును ద్వారంవారు అలంకరించిరి. వైశేషికులు బాణగతిని చెప్పు విధము ఇచట స్మరణీయము. బాణమునకు మొదటి చలనము వింటి నోదనముచే కలుగును, ఆపై ఆ చలనమునుండి పుట్టిన వేగసంస్కారము దానిని కొనిపోవును, అది క్షీణింపగా గురుత్వముచే పడును. శంకరభగవత్పాదులు ప్రారబ్ధకర్మను ఈ దృష్టాంతముతోనే వివరించిరి. జ్ఞానము కలిగిన పిదపను దేహము నిలుచుట విడిచిన బాణము వేగముడుగువఱకు పోవుట వంటిది. విలుకాడు దానిని మరల పిలువలేడు.

దాసుగారి భీష్మచరిత్రము ఈ తలపుతో చదువదగినది. భారతమున పదవనాడు పడిన భీష్ముని దేహము నేలను తాకలేదు, బాణములే శయ్యయైనవి. వ్రేలాడు శిరస్సునకు పట్టుదిండ్లు తెచ్చిన రాజులను కాదని ఆయన అర్జునుని వంక చూచెను. అర్జునుడు మూడు బాణములతో తలగడ కూర్చెను, దప్పిక యనగా భూమిని బాణముతో భేదించి నీరు తెప్పించెను. చంపిన బాణములే శయ్య, ఉపధానము, జలము అయినవి. ఏబదియెనిమిది రాత్రులు అట్లుండి, శాంత్యనుశాసనముల ధర్మమంతయు బోధించి, ఉత్తరాయణమున ప్రాణములు విడిచెను. శరతల్పముమీదనుండి మాటాడు వృద్ధుడు హరిదాసునకు మిక్కిలి దగ్గఱివాడు. ఆయుధము లేదు, కదలిక లేదు, ఉన్నది వాక్కొక్కటే. చుట్టును వినువారు గలరు.

నారాయణదాసుగారు ఎనుబది యొకటవ యేట, 1945 జనవరి 2న పరమపదించిరి. పంచాంగమున మకరసంక్రమణమునకు ఇంకను పదునొకండు పండ్రెండు దినములున్నవి. సూర్యుడు ధనూరాశి యందే యుండెను. అది ధనుర్మాసము. ఆ మాసమున తెల్లవారుజామున ఉత్తరాంధ్రపు పల్లెలలో హరిదాసులు తలపై అక్షయపాత్ర, చేత చిఱుతలు, కాళ్లకు గజ్జెలు ధరించి, హరినామము పాడుచు ఇంటింటి ముంగిట నిలుతురు.